రాయబారం నాటకానికి ఎలా వెళ్లాలి? పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా ఉన్న తెలుగువాళ్లకు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, బరంపురం ఊళ్లలో పాత పద్యనాటకం మళ్లీ కడుతున్నారని గోడ మీద పోస్టరు కనబడితే, మీకు ఆ రోజు నుంచే పని ఉంటుంది. పద్యనాటకంలో చూసేది కొంత, వినేది చాలా. ఏమీ తయారుకాకుండా వెళ్లి కూర్చుంటే కిరీటాలూ లైట్లూ కనబడతాయి, రాగాలు చెవిన పడతాయి, మాట మాత్రం అందదు. అర్ధరాత్రి అయ్యేసరికి నిద్ర ముంచుకొస్తుంది. ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుకుని, ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే పిల్లలకైతే ఇది మరీ ఎక్కువ. వారం ముందు నుంచి రోజుకు అరగంట కేటాయిస్తే ఇదంతా తప్పుతుంది.

ఇక్కడ ప్రధానంగా రాయబారం నాటకాన్ని, అంటే పాండవుల తరఫున కృష్ణుడు కౌరవ సభకు సంధి కోరి వెళ్లే కథను, దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. హరిశ్చంద్ర నాటకానికి వేరుగా చూసుకోవలసినవి చివరలో ఉన్నాయి.

పోస్టరు చదవడం

ముందు నాటకం పేరు చూడండి. శ్రీకృష్ణ రాయబారం, పాండవోద్యోగ విజయాలు, కురుక్షేత్రం అని మూడు రకాలుగా వేస్తారు. పద్యాలు చాలామటుకు ఒకచోటివే. తిరుపతి వేంకట కవులు పాండవుల కథను జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం అని ఆరు నాటకాలుగా రాశారు. వాటిలో ఉద్యోగం, విజయం రెంటినీ కలిపి రంగస్థలం వాళ్లు ఒక రాత్రికి సరిపడేలా కుదించుకున్నారు. పోస్టరు మీద 'రాయబారం' అని మాత్రమే ఉంటే మామూలుగా కౌరవ సభ దగ్గర ఆపేస్తారు. 'కురుక్షేత్రం' అని ఉంటే యుద్ధం సీన్లు కూడా ఉంటాయని అనుకోవచ్చు. మీకు గయోపాఖ్యానం కావాలంటే అది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి నాటకం, కథే వేరు. కృష్ణుడూ అర్జునుడూ రెంటిలోనూ ఉంటారు గనక పోస్టరు బొమ్మ చూసి పొరబడేవాళ్లు ఉన్నారు.

తరువాత నటుల పేర్లు. '1వ కృష్ణుడు', '2వ కృష్ణుడు' అని వేరు వేరు పేర్లు కనబడితే అచ్చుతప్పు అనుకోకండి. రాత్రంతా ఒకే గొంతు అంత పై శ్రుతిలో నిలబడదు కాబట్టి ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. పడక సీను (పడుకున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడూ అర్జునుడూ వచ్చేది) ఒకరిది, రాయబారం సీను (కౌరవ సభలోది) ఇంకొకరిది. మీరు ఫలానా నటుడి కోసం వెళ్తుంటే ఆయన ఎన్నో కృష్ణుడో చూసుకోవాలి. మొదటి కృష్ణుడు తన సీను అయిపోగానే మేకప్ తీసేసి ఇంకో ఊరికి బయలుదేరిపోవచ్చు. మీరు పన్నెండింటికి చేరితే ఆయన ఉండడు.

హార్మనీ, అంటే హార్మోనియం, ఎవరు వాయిస్తున్నారో కూడా పోస్టరు మీద చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పేరును చాలామంది చదవరు. మా లెక్కలో అది నాయకుడి పేరు తరువాత రెండోది. నటుడు ఆగిన చోట అందుకునేదీ, రాగం మారే ముందు దారి చూపేదీ ఆ మాస్టారే. మంచి హార్మనీ ఉంటే సామాన్యమైన గొంతు కూడా గట్టెక్కుతుంది.

పోస్టరు మీది వేళను మాత్రం నమ్మకండి. రాత్రి 9 గంటలకు అని వేసి, సభ, సన్మానాలు, దాతల పేర్లు అయ్యాక 10:30కి ప్రార్థన పాడటం మామూలే.

కమిటీ వాళ్లకు ఫోను

పోస్టరు కింద నంబరు ఉంటుంది. ఫోను చేసి నాలుగు సంగతులు కనుక్కోండి. ఏయే సీన్లు వేస్తున్నారు? ఏ సీనుకు ఎవరు? తెర ఎన్నింటికి నిజంగా లేస్తుంది? రాత్రంతా ఆడతారా, రెండున్నర మూడు గంటలకు కుదించారా?

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు వాడకూడదు. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఇది ఆంధ్ర వైపూ ఒడిశా వైపూ ఒకటే. అందుకే పట్నంలో నాటకం హాల్లోకి మారి, సాయంత్రం ఆరింటికి మొదలై పదింటికల్లా ముగిసే పద్ధతి పెరిగింది. పల్లెల్లో అమ్మవారి పండగ నాటకం ఇప్పటికీ తెల్లవార్లూ నడిచే చోట్లు ఉన్నాయి. రెంటికీ వెళ్లే తయారీ ఒకటి కాదు. కుదింపు నాటకానికి నిద్ర, దుప్పటి గొడవ లేదు, కానీ ఆలస్యంగా వెళ్తే పడక సీను మొత్తం పోతుంది. తెల్లవార్లూ ఆడే నాటకానికి ఒళ్లు తయారుగా ఉండాలి.

కుదించినప్పుడు ఏది తీసేస్తారన్నది కూడా అడగండి. సాధారణంగా సంజయ రాయబారం ముందు పోతుంది, తరువాత ద్రౌపది సీను. పడక సీను, కౌరవ సభ సీను ఎవరూ తీయరు. ద్రౌపది సీను లేకపోతే కృష్ణుడు సభకు ఏ బరువు మోసుకుని వెళ్తున్నాడో కొత్తవాళ్లకు అందదు. అది పోయిందని తెలిస్తే ఆ భాగం కథ ఇంట్లోనే చెప్పి పిల్లలను తీసుకెళ్లండి.

పద్యాలు ముందే చదవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. నాటకంలో వందకు పైగా పద్యాలు ఉండవచ్చు. అన్నీ అక్కర్లేదు, పది చాలు. పడక సీను నుంచి మూడు, ద్రౌపది సీను నుంచి రెండు, సభ సీను నుంచి అయిదు. సభ సీనులో 'చెల్లియో చెల్లకో', 'జెండాపై కపిరాజు', 'అలుగుటయే యెరుంగని' అని మొదలయ్యే మూడూ తప్పకుండా ఉండాలి. జనం ఎదురుచూసేది వీటికే, నటుడు గొంతు పూర్తిగా విప్పేదీ ఇక్కడే.

చదివే వరస ఇది. మొదటి రోజు అర్థం వద్దు, పదాలు విడగొట్టుకోండి. పద్యంలో సంధులు కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఎక్కడ ఏ మాట ముగిసిందో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. రెండో రోజు క్రియ ఎక్కడుందో వెతకండి. తెలుగు పద్యంలో అది తరచు నాలుగో పాదంలో ఉంటుంది. అది దొరికితే మిగతా మూడు పాదాలు దాని చుట్టూ వాటంతట అవే సర్దుకుంటాయి. మూడో రోజు గొంతెత్తి చదవండి, యతి దగ్గర, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదిరే అక్షరం దగ్గర, ఒక్క క్షణం ఆగుతూ.

యతి అంటే భయపడనక్కర్లేదు, లెక్కపెడితే తెలిసిపోతుంది. 'జెండాపై కపిరాజు ముందు సితవాజి' అన్నచోట జెం ఒకటి, డా రెండు, పై మూడు అని లెక్కపెట్టుకుంటూ పోతే 13వ అక్షరం 'జి' వస్తుంది. మొదటి అక్షరం 'జెం'కూ దీనికీ జత. అది శార్దూలం అనే ఛందస్సు, పాదానికి 19 అక్షరాలు, యతి 13లో. మత్తేభానికి 20 అక్షరాలు, యతి 14లో. ఉత్పలమాలకు 20, యతి 10లో. చంపకమాలకు 21, యతి 11లో. 'చెల్లియో' ఉత్పలమాల, 'అలుగుటయే' చంపకమాల. ఇవి నోటికి రావాలని కాదు. మంచి నటుడు ఈ జత అక్షరాన్ని కొంచెం ఒత్తి పలుకుతాడు. మీ చెవి ఆ చోటు కోసం కాచుకుని ఉంటే పద్యం మధ్యలో దారి తప్పదు.

తెలుగు చదవడం రాని పిల్లలుంటే పద్యాన్ని ఒడియా లిపిలో రాసివ్వవచ్చు. అక్షరాలు దాదాపు ఒకటికి ఒకటి కుదురుతాయి, ళ కూడా ఒడియాలో ఉంది. మూడు చోట్ల మాత్రం చెడుతుంది. ఒడియాలో ఎ, ఏ లకు ఒకే గుర్తు. ఒ, ఓ లకూ అంతే. కాబట్టి దీర్ఘం ఉన్నచోట అక్షరం మీద చిన్న అడ్డగీత పెట్టి, గీత ఉంటే సాగదీయాలని చెప్పండి. రెండోది, ఇ–ఈ, ఉ–ఊ తేడా లిపిలో ఉన్నా ఒడియా మాటలో దాన్ని అంతగా పాటించరు. పిల్లలు ఆ అలవాటుతోనే చదివి గురువును (సాగే అక్షరాన్ని) లఘువు (పొట్టి అక్షరం) చేస్తారు, నడక కుంటుపడుతుంది. ఆ దీర్ఘాల కింద రంగు గీత గీయండి. మూడోది, ఒడియాలో తలకట్టు 'అ'ను గుండ్రంగా, 'ఒ'కు దగ్గరగా పలుకుతారు. 'కర్ణ' అని రాసిస్తే 'కొర్ణొ' అని చదివేస్తారు. దీనికి గుర్తులేమీ పనిచేయవు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా, అమ్మమ్మో తాతో, పక్కన కూర్చుని రెండుసార్లు పలికించాలి.

పాత రికార్డులు విని వెళ్లడం మంచిదే కానీ ఒక జాగ్రత్త. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు గారలు కృష్ణ పాత్రకు పేరు పొందిన గొంతులు. పీసపాటి మన ఉత్తరాంధ్ర మనిషే. వాళ్ల బాణీ చెవిలో గట్టిగా నాటుకుపోతే రేపు వేదిక మీద నటుడు ఇంకో రాగం ఎత్తుకున్నప్పుడు 'ఇది తప్పు' అనిపిస్తుంది. తప్పు కాదు. పద్యానికి కట్టిన రాగం అంటూ ఒకటి లేదు, నటుడి ఇష్టం. ఒక్కో పద్యాన్ని ఇద్దరి గొంతులో వినండి, అప్పుడు ఆ పట్టింపు పోతుంది.

ప్రయాణం, సామాను

పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్కనే గనక ఎటు నాటకమైనా ఇబ్బంది లేదు, ఆటో దొరుకుతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం వెళ్లేటప్పుడే మాట్లాడుకోండి. నౌపడ–గుణుపూర్ లైనులో బండ్లు కొద్ది, నాటకం వదిలే వేళకు వాటిని నమ్ముకోకండి. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి బరంపురం వెళ్లేవాళ్లకు మెయిన్ లైను ఉంది. రైలు టైంటేబుల్లో వెతికేటప్పుడు స్టేషను పేరు బ్రహ్మపుర్ అని ఉంటుంది.

ఆరుబయట నాటకానికి మనిషికో దుప్పటి, తలకు మఫ్లరు, ఇద్దరికో చాప, ఫ్లాస్కులో మంచినీళ్లు వేడిగా, టార్చి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మహేంద్రగిరి చుట్టుపక్కల రాత్రి రెండు దాటాక మంచు పడుతుంది, చాప తడుస్తుంది. చాప కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే నిలుస్తుంది. దోమల మందు ఒంటికి రాసుకోవడం మరచిపోకండి. దక్షిణ ఒడిశా జిల్లాల్లో మలేరియా ఉంది, రాత్రంతా కదలకుండా కూర్చోవడమంటే దోమకు దొరికిపోవడమే. తిండికి మురీ మిక్చరు, పల్లీలు, అరటిపళ్లు చాలు. రాత్రి భోజనం ఏడింటికే, తేలికగా ముగించండి. మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోయి వెళ్తే తెల్లవారుజాము సీను దాకా కన్ను నిలబడుతుంది.

ఎక్కడ కూర్చోవాలి

ముందు వరస మంచిది కాదు. తల ఎత్తి చూడాలి, సౌండు బాక్సు నేరుగా చెవి మీద మోగుతుంది. వేదిక నుంచి 20, 30 అడుగుల దూరంలో, మధ్యకు కొంచెం హార్మనీ వైపు కూర్చోండి. వాద్యాలు వేదికకు ఏ పక్కన పెట్టారో ముందే వెళ్లి చూసుకోవచ్చు. హార్మనీ నేరుగా వినబడితే శ్రుతి మీ చెవిలో ఉంటుంది, నటుడు ఎంత ఎత్తుకు వెళ్లి ఎలా దిగాడో తెలుస్తుంది. మైకులో నుంచి వచ్చేది ఈ తేడాను చాలావరకు మింగేస్తుంది.

ఈ మధ్య కీబోర్డు కూడా పెడుతున్నారు. దాని వాల్యూము హార్మనీని మించితే పద్యం మాట వినబడదు. ఇలా జరిగితే సీను మధ్యలో అరవకుండా, తెర పడ్డాక కమిటీ మనిషికి చెప్పండి. మైకు మనిషి పక్కన నిలబడి చెబితే ఇంకా త్వరగా సర్దుతాడు. మైకు కూత పెడుతుంటే కారణం ఎక్కువసార్లు ఒకటే: సౌండు బాక్సు మైకుల కన్నా వెనక, వేదిక మీదికి తిరిగి ఉంటుంది. బాక్సును రెండడుగులు ముందుకు జరిపి జనం వైపు తిప్పితే ఆగిపోతుంది.

చిన్నపిల్లలున్నవాళ్లు చివరి కుర్చీలు, దారి పక్కవి తీసుకోవాలి. పద్యం నడుస్తుండగా ఇరవై మంది మోకాళ్లు దాటుకుని బయటికి వెళ్లడం ఆ ఇరవై మందికీ నష్టం.

పద్యాన్ని వినడం

నాటకం కొబ్బరికాయ, హారతి, ఆపైన నటులంతా వేషాలతో నిలబడి పాడే ప్రార్థనతో మొదలవుతుంది. ప్రార్థనకు లేచి నిలబడండి. ఆ సమయంలోనే గొంతులన్నీ ఒకసారి తెలుస్తాయి, ఎవరి శ్రుతి ఎక్కడుందో పట్టుకోండి.

ఇక పద్యం. నటుడు వచనం చెబుతూ చెబుతూ ఆగుతాడు, హార్మనీ ఒక స్వరం పట్టుకుంటుంది. పద్యం రాబోతోందని అదే గుర్తు. పద్యానికి తాళం ఉండదు, తబలా ఊరుకుంటుంది. పాటలకూ పాత్ర ప్రవేశానికీ మాత్రమే తబలా. అందుకే పద్యం నడుస్తున్నప్పుడు తొడ మీద తాళం వేయకూడదు, పక్కవాళ్ల చెవికి అది అడ్డం. మొదటి రెండు పాదాలు చాలామంది మాట స్పష్టంగా, గబగబా చెబుతారు. మూడో పాదంలో రాగం పెరుగుతుంది. నాలుగో పాదం చివరి మాట మీద గొంతు నిలిపి ఆలాపన తీస్తారు. చదివితే అర నిమిషం పట్టని పద్యం వేదిక మీద రెండు మూడు నిమిషాలు సాగేది ఇందువల్లే. మీరు ముందే చదివి ఉంటే మొదటి రెండు పాదాల్లోనే అర్థం అంది, తరువాత రాగం మీద మనసు పెట్టే వీలు దొరుకుతుంది. చదవకపోతే, అర్థం కోసం వెతుకుతుండగానే పద్యం అయిపోతుంది.

ఆలాపన మధ్యలో ఊపిరి కోసం నటుడు ఒక్క క్షణం ఆగుతాడు. అక్కడ చప్పట్లు కొట్టేస్తారు చాలామంది. అది ముగింపు కాదు. హార్మనీ ఇంకా స్వరం పట్టుకునే ఉందా, వదిలేసిందా అన్నది వినండి. అది కిందికి దిగి ఆగితేనే పద్యం అయినట్టు.

ఆలాపన పొడుగును బట్టి నటుణ్ణి కొలవవద్దు. మా అభిప్రాయంలో రాయబారం సీను కృష్ణుడికి కష్టమైనది ఆలాపన కాదు, పద్యానికీ పద్యానికీ మధ్య ఆ చిరునవ్వు నిలుపుకోవడం. సంధి కోరి వచ్చినవాడు, బెదిరించేటప్పుడు కూడా గొంతు పెంచకూడదు. 'జెండాపై' అన్న పద్యంలో జరగబోయే యుద్ధం అంతా కళ్లకు కట్టినట్టు చెబుతాడు. ఆ పద్యాన్ని కేకలాగా పాడితే దుర్యోధనుడికీ కృష్ణుడికీ తేడా మిగలదు. దుర్యోధనుడి నటుణ్ణి కూడా ఇలాగే చూడండి. కృష్ణుడి పద్యం నడుస్తున్నంతసేపూ అతను సింహాసనం మీద ఏం చేస్తున్నాడు? ఊరికే కూర్చుంటే సీను సగం పోయినట్టే.

పడక సీనులో చూడవలసింది వేరు. అక్కడ రాగం కన్నా మాటల ఒడుపు ముఖ్యం. తలదగ్గర దుర్యోధనుడు, కాళ్లదగ్గర అర్జునుడు, మధ్యలో నిద్ర నటిస్తున్న కృష్ణుడు. ఎవరిని ముందు పలకరిస్తాడు, ఏ వరసలో కుశలం అడుగుతాడు అన్నదానిలోనే రాజకీయం అంతా ఉంది. పిల్లలకు బాగా నచ్చేది ఈ సీను, కాబట్టి దీనికి వాళ్లను మెలకువగా ఉంచండి. ఇది అయ్యాక నిద్రపోయినా, ఇంటికి పంపినా ఫరవాలేదు. సభ సీనుకు మళ్లీ లేపడం పదేళ్లు దాటినవాళ్లనే.

వన్స్‌మోర్, చదివింపులు

వన్స్‌మోర్ అడిగే చోటు ఒకటుంది: పద్యం పూర్తయి, తరువాతి వచనం ఇంకా మొదలుకాని ఆ రెండు క్షణాలు. వచనం మొదలయ్యాక అరిస్తే నటుడు వెనక్కి వెళ్లలేడు, ఎదుటి పాత్ర మాట తెగిపోతుంది. ఒక సీనుకు ఒకటి, మహా అయితే రెండు అడగండి. ఒక్కో వన్స్‌మోర్ మూడు నిమిషాలు తింటుంది. రాత్రి పదకొండింటికి పడక సీనులో పది వన్స్‌మోర్లు పడితే అరగంట పోయినట్టు. ఆ అరగంటను తెల్లవారుజామున చివరి సీన్లలో నుంచే కోస్తారు. రాత్రంతా ఎదురుచూసిన సీను పది నిమిషాల్లో ముగిసిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

చదివింపు, అంటే మైకులో మీ పేరు చదివి నటుడికి ఇచ్చే కానుక, ఇవ్వాలనుకుంటే డబ్బును చేతపట్టుకుని వేదిక ఎక్కకండి. చీటీ మీద మీ పేరు, ఊరు, ఏ నటుడికి, ఎంత అన్నది తెలుగులో స్పష్టంగా రాసి, డబ్బుతో కలిపి కమిటీ బల్ల దగ్గర ఇవ్వండి. 116, 516, 1116 అని ఇవ్వడం ఆనవాయితీ, మీ శక్తి. చీటీ మీద 'సీను అయ్యాక చదవండి' అని కూడా రాయండి. సభ సీను మధ్యలో మైకులో దాతల పేర్లు వచ్చాయంటే, నటుడు కట్టిన శ్రుతి చెదిరి మళ్లీ ఎత్తుకోవలసి వస్తుంది. మరో మాట: కృష్ణుడికే అందరూ ఇస్తారు. హార్మనీ మాస్టారికీ తబలా మాస్టారికీ ఒక చీటీ రాయండి, వాళ్లు తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవాళ్లు.

నటుణ్ణి పలకరించాలంటే మేకప్ గదికి నాటకానికి ముందు వెళ్లవద్దు. అద్దం ముందు కూర్చుని పద్యాలు నెమరువేసుకునే సమయం అది. ఆయన సీను అయి తెర పడ్డాక వెళ్లండి. వేదిక మీద అడుగు పెట్టవలసి వస్తే చెప్పులు కింద వదలాలి.

రికార్డు చేసుకోవడం

కమిటీని, వీలైతే నటుణ్ణి కూడా అడిగి చేయండి. వీడియో కన్నా శబ్దం ఒక్కటే రికార్డు చేయడం మేలు. చేయి నొప్పి పుట్టదు, వెనకవాళ్లకు వెలుగు కళ్లలో కొట్టదు, ఫోను నిండదు. 128 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు సుమారు 58 ఎంబీ అవుతుంది, ఆరు గంటల నాటకం 350 ఎంబీలో పడుతుంది. ఫోనును ఏరోప్లేన్ మోడులో పెట్టండి, లేకపోతే ఫోను వచ్చినప్పుడు రికార్డింగు ఆగిపోతుంది. సౌండు బాక్సుకు 15 అడుగులైనా దూరంగా, చాప మీద కాకుండా కుర్చీ చేతి మీదో సంచి మీదో పెట్టాలి. బాక్సు పక్కన పెడితే పై స్థాయిలో గొంతు పగిలిపోయి వినడానికి పనికిరాదు. సీను సీనుకూ ఆపి కొత్తగా మొదలుపెట్టండి. తరువాత వెతుక్కోవడం తేలిక, ఒకటి పాడైనా మిగతావి ఉంటాయి.

ఒడియా మాట్లాడే ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు వస్తే

కోడలో అల్లుడో ఒడియావాళ్లయిన ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వాళ్లను ఇంట్లో వదిలేయకండి. పదిహేనో శతాబ్దపు సారళా దాసు మహాభారతం వల్ల కథ వాళ్లకు కొత్త కాదు. గంజాం వైపువాళ్లయితే తెల్లవార్లూ పాటతో సాగే ప్రహ్లాద నాటక చూసినవాళ్లు అయి ఉండవచ్చు, రాగం వినే ఓపిక వాళ్లకు మనకన్నా ఎక్కువే. వాళ్లకు అందనిది పద్యంలోని మాట. అందుకని సీను మొదలయ్యే ముందు, తెర దించి ఉన్నప్పుడు, నాలుగు మాటల్లో చెప్పండి: ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారు, ఏం అడుగుతున్నారు, ఏం జరగబోతోంది. పద్యం నడుస్తుండగా చెవిలో అనువదిస్తే ఇద్దరికీ పద్యం పోతుంది, ముందు వరసవాళ్లకు కూడా.

హరిశ్చంద్ర అయితే

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయంలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ చివరి సీను, కాటి సీను, ప్రాణం. కాబట్టి తొలి సీన్లలో వన్స్‌మోర్ అసలు అడగకపోవడం మంచిది. కాటి సీనుకు వేరే హరిశ్చంద్రుడు వస్తాడు, అప్పటిదాకా విశ్రాంతిగా ఉన్న గొంతు. శ్మశానం మీద గుర్రం జాషువా గారి పద్యాలు ఇందులో చేర్చి పాడటం ఆనవాయితీ. అవి మూల నాటకంలో ఉండవు గనక నాటకం పుస్తకం ఒక్కటే చదివి వెళ్తే 'ఈ పద్యం ఎక్కడిది' అనిపిస్తుంది. వాటిని వేరుగా సంపాదించి చదువుకోండి, భాష తేలికైనవే. లోహితుడి శవం ముందు చంద్రమతి ఏడ్చే చోట వన్స్‌మోర్ అడగవద్దు. ఎంత బాగా పాడినా, ఆ దుఃఖాన్ని మొదటినుంచి మళ్లీ ఎత్తుకోమనడం నటికీ కథకూ న్యాయం కాదు. నక్షత్రకుడి వేషం మధ్యలో నవ్విస్తుంది, పిల్లలను ఆ భాగానికి మెలకువగా ఉంచండి. కాటి సీనుకు మరీ చిన్నపిల్లలు వద్దు, భయపడతారు.

నాటకం అయ్యాక

మరునాడు నిద్ర తీరాక, రెండు రోజుల్లోపే, రికార్డింగు ముందు పెట్టుకుని మీరు చదివిన పది పద్యాలు ఒకసారి సరిచూడండి. నటుడు ఎక్కడ మాట మార్చాడో, ఏ పాదం వదిలేశాడో పుస్తకం అంచున రాసుకోండి. రాగం తెలియకపోతే సంగీతం వచ్చినవాళ్లకు వినిపించి పేరు రాయించుకోండి. వచ్చే ఏడాది అదే నాటకానికి వెళ్లేటప్పుడు ఈ పుస్తకమే మీతో ఉండాలి.

కమిటీవాళ్లను కూడా ఆ వారంలోనే కలవండి. ఏ సీను కుదింపు వల్ల దెబ్బతిందో, మైకు ఎక్కడ పాడైందో, ఎవరి పద్యం నిలబడిందో చెప్పండి. ద్రౌపది సీను పూర్తిగా కావాలంటే ఆ మాట అడగవలసింది ఇప్పుడే. నటులతో మాట్లాడి సీన్లు ఖాయం చేసుకున్నాక, పోస్టరు అచ్చుకు వెళ్లాక వాళ్లూ ఏమీ చేయలేరు.